వెనుక మెరుపు లేని ట్రాలీలు

రాష్ట్ర రవాణా కమిషనర్ గారికి,

వరి కోతలు, పత్తి ఏరుడు మొదలైతే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో రాత్రిపూట రోడ్డెక్కే ట్రాక్టర్ ట్రాలీలు పెరుగుతాయి. రాజీవ్ రహదారిపై బొగ్గు, గ్రానైట్ లారీల నడుమ, 44వ జాతీయ రహదారిపై కంటెయినర్ల నడుమ అవీ సాగాలి. చాలావాటికి వెనుక లైటుండదు, రిఫ్లెక్టరూ ఉండదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదం గుర్తించి బ్రేకు తొక్కేలోపే సుమారు 30 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు మీదైనా బండి ఆగడానికి మరో 35 మీటర్లు కావాలి. డిమ్ లైటులో దుమ్ము పట్టిన ట్రాలీ అంత దూరాన ఆనదు. ఎర్ర రిఫ్లెక్టర్ మాత్రం ఎంతో ముందే మెరుస్తుంది.

వేగం తగ్గించుకోవాల్సింది డ్రైవర్లే కదా అంటారు. నిజమే, తగ్గించాలి. కానీ ఎదుటి లారీ హైబీమ్ కళ్లలో పడితే నిదానంగా నడిపేవారికీ కొన్ని క్షణాలు ఏమీ కనిపించదు. రిఫ్లెక్టర్లు పెట్టించడం రైతుకు భారమన్న మాటను నేను తేలిగ్గా తీసుకోను. అందుకే జరిమానాలతో మొదలుపెట్టవద్దంటున్నాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ట్రెయిలర్లకూ రిఫ్లెక్టర్లు ఉండాలన్నాయి, కొత్త చట్టం అక్కర్లేదు. ట్రాలీల కోసం రోడ్ల వెంట వెతకనక్కర్లేదు, వడ్లతోనో పత్తితోనో అవే కాంటా దగ్గరికి వస్తాయి. అక్కడే రిఫ్లెక్టర్లు ఉచితంగా అంటించండి. జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్ యార్డుల్లో ఈ వానాకాలం పంట రాకముందే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక పౌరుడు