త్రాగునీరు కూడా పెట్టుబడియే

భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ ఉక్కు నగరంలో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడినవి. లోపల సుమారు 1,500 డిగ్రీల వద్ద కరిగిన ఇనుము, బయట మే నెలలో 45 డిగ్రీల దరిదాపుల ఎండ. ఈ రెండు వేడిమిల నడుమ పనిచేయు మనిషికి నీరు పనిముట్టు వంటిదే.

ఒక లీటరు చెమట ఆవిరియైనచో శరీరం నుండి దాదాపు 580 కిలోకేలరీల వేడి తొలగిపోవును. కొలిమి ముందు కష్టించువాడు గంటకు లీటరు చెమట కోల్పోవుట వింత కాదు. అయితే దాహం ఆలస్యంగా వేయును; అది తెలియునప్పటికే ఒంటిలో నీటి లోటు ఏర్పడి ఉండును. కావున దాహం కొరకు వేచియుండక 15–20 నిమిషాలకొకసారి పావు లీటరు నీరు త్రాగవలెను. గంటకు లీటరున్నరకు మించి త్రాగుట కూడా ప్రమాదమే.

వట్టి నీరు అన్నివేళలా చాలదు. చెమటతో ఉప్పు కూడా పోవును. విపరీతంగా చెమటోడ్చి వట్టి నీరు మాత్రమే త్రాగిన బొగ్గుగని కార్మికులకు కండరాలు పట్టివేయునని, నీటిలో కొద్దిగా ఉప్పు కలిపినచో ఆ బాధ తగ్గునని 1920లలో బ్రిటన్‌లో జరిగిన పరిశీలనలు తెలిపినవి. మన ఉప్పు మజ్జిగ, గంజి, చద్దన్నం చేయు మేలు ఇదియే. చద్దన్నాన్ని పోలిన ఆహారాన్ని ఛత్తీస్‌గఢ్‌లో బోరే బాసి అందురు. 2022 మే డే నాడు శ్రామికుల గౌరవార్థం దానిని భుజింపవలసినదిగా అక్కడి ముఖ్యమంత్రి ప్రజలను కోరారు. రక్తపోటు, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు మాత్రం ఉప్పు విషయంలో వైద్యుని సలహా పొందవలెను.

మీ ఊరిలో ఉక్కు కర్మాగారం లేకపోవచ్చును. ఇటుక బట్టీ, రైస్ మిల్లు బాయిలరు, బెల్లపు పొయ్యి ఉన్నవి కదా! వెయ్యి ఇటుకలకు ఇంతయని కూలి పొందువారికి నీళ్ళ కుండ దూరమైనచో, పోయివచ్చు సమయం కూలిలో కోతయే. మరుగుదొడ్డి లేనిచోట స్త్రీలు నీరు త్రాగుటయే మానుకొందురు. 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వేసవిలో చల్లని నీటి ఏర్పాటును 250 మందికి మించి పనివారున్న ఫ్యాక్టరీలకే విధించినది. నాడు చిన్న యూనిట్లలో ఈ బాధ్యత యజమాని మనస్సాక్షికే మిగిలియుండెను.

అందుచేత నా అభిప్రాయమిది. ఋణం కొరకు సమర్పించు ప్రాజెక్టు రిపోర్టులో బొగ్గు, కూలి, కరెంటు ఖర్చులతో పాటు త్రాగునీరు, నీడ, మరుగుదొడ్డి ఖర్చును కూడా చూపవలెను. మనిషికి గంటకు లీటరు చొప్పున పదిమందికి ఎనిమిది గంటలకు 80 లీటర్లు, అనగా నాలుగైదు బిందెలు. తనిఖీకి వచ్చు మావంటి క్షేత్ర అధికారులు స్టాకు రిజిస్టరుతో పాటు నీళ్ళ కుండను కూడా చూడవలెను.

విరామం ఇచ్చినచో పని కుంటుపడునని కొందరందురు. వడదెబ్బ తగిలిన మనిషి ప్రాణమే పోవచ్చును. అది ఏ ఖాతాలో వ్రాయగలము? పనివాని మాట తడబడినా, స్పృహ తప్పినా నోటిలో నీరు పోయక, నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోయుచు, వెంటనే ఆసుపత్రికి తరలించండి. ఆ స్థితి రాకుండ చూచుటకు ఈ వేసవిలోనే కుండను పనిచోటు పక్కకు జరపండి.