విండోస్ 10 ఆగింది, పాత లాప్‌టాప్ ఆగక్కర్లేదు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి. 2011లో తమిళనాడు ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన తొలి లాప్‌టాప్‌లకు ఆ అర్హత లేదు. అది కంపెనీ గీసిన గీతే గానీ యంత్రం లోపం కాదు. మీ ఇంట్లోనూ అలాంటిది అటకెక్కి ఉంటే ఒకసారి కిందికి దించండి.

లినక్స్ వేస్తే నడుస్తుంది. చిక్కల్లా వైఫై దగ్గరే. ఇంటెల్, ఆథెరోస్ కార్డులకు డ్రైవరు చాలావరకు లినక్స్‌లోనే ఉంటుంది. బ్రాడ్‌కామ్ పాత కార్డులకు మాత్రం తరచూ విడిగా దింపుకోవాలి. దింపడానికి నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవరు కావాలి! చాలామంది ఇక్కడే విసిగి "పోయిందిలే" అని కొత్తదానికి అప్పు చేస్తారు.

పోలేదండీ. ఫోన్‌ను వైరుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది. ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి బ్రాడ్‌కామ్‌ది ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. అప్పటికీ పట్టకపోతే లినక్స్‌తో పనిచేసే చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనుక్కోండి. కొత్త లాప్‌టాప్ ధరతో పోలిస్తే అదేమంత ఖర్చు కాదు.