కార్ల ఫ్యాక్టరీ నుంచి కూరగాయల బండికి

కూరగాయల బండి మీద టమాటాల గంపకి ఆనించి ఓ అట్టముక్క. దానిమీద నలుపూ తెలుపూ గళ్లు. ఫోను అటు చూపి, పిన్ నొక్కితే డబ్బులు వెళ్లిపోతాయి. ఇంతకీ ఆ గళ్లు పుట్టింది ఏ బ్యాంకులోనో కాదు... జపాన్‌లో, కార్ల విడిభాగాలు తయారుచేసే డెన్సో కంపెనీలో!

అక్కడి కార్మికులకి బార్‌కోడ్‌లతో పెద్ద తంటా ఉండేది. ఒక్కోదాంట్లో పట్టేది ఇరవై అక్షరాలే. దాంతో ఒకే పెట్టెకి చాలా అంటించి, ఒక్కొక్కటే స్కాన్ చేయాల్సి వచ్చేది. ఆ విసుగు ఇంజినీరు మసహిరో హరా చెవిన పడింది. కోడ్ ఎక్కడుందో యంత్రం ఇట్టే పట్టేయాలంటే మూలల్లో గుర్తులుండాలి. అవి చుట్టూ ఉన్న అచ్చులో కలిసిపోకూడదు. అందుకోసం పత్రికలూ కరపత్రాలూ అట్టపెట్టెలూ తిరగేసి, అచ్చులో అతి అరుదుగా కనిపించే నలుపు తెలుపుల నిష్పత్తి ఏదో వెతికారు. దొరికింది 1:1:3:1:1. మూడు మూలల్లోని చదరాలు అవే. అలా 1994లో క్యూఆర్ కోడ్ వచ్చింది. తలకిందులుగా పెట్టినా చదువుతుంది, కాస్త చిరిగినా చదువుతుంది.

పేటెంట్ ఉన్నా, ప్రమాణాల ప్రకారం వాడుకునేవారి నుంచి పైసా అడగమని కంపెనీ ప్రకటించింది. ఆవిష్కరణ కన్నా గొప్పది ఈ నిర్ణయమే. లేకపోతే బండి దాకా వచ్చేదా!

మనదగ్గర యూపీఐ మొదలైంది 2016లో. 2023 ఆగస్టుకల్లా ఒక్క నెలలోనే లావాదేవీలు 1000 కోట్లు దాటాయి. చిల్లర గొడవ చాలావరకు తీరింది. అయితే ఓ చిక్కుంది. నోటు ఎంతదో చదువురానివారూ చెప్పగలరు. ఈ గళ్లు ఎవరి ఖాతావో ఎంత చదివినవారూ కంటితో చెప్పలేరు. దొంగలకి అదే చాలు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో కొన్ని దుకాణాల్లో, ఓ పెట్రోలు బంకులో అసలు కోడ్‌ల స్థానంలో తమవి పెట్టేసి పోయారు. ఓ మందుల దుకాణంలో కొనుగోలుదారు ‘తెరమీద వేరే పేరొస్తోంది’ అనడంతో సంగతి బయటపడింది.

అందుకే బండి మీద పలికే పెట్టె. ‘వంద రూపాయలు వచ్చాయి’ అని తెలుగులో చెబితే తప్ప సంచి చేతికివ్వని వాళ్లున్నారు. కొనేవాళ్లు పిన్ నొక్కేముందు పేరు చూసుకోవాలి. అమ్మేవాళ్లకి మాత్రం బోణీ బేరమప్పుడు ఆ పెట్టె గొంతు వినబడాలి.