శునక వర్గములు – శాసన నిర్మాతలు

కుక్కలను జాతులుగాను, జాతులను వర్గములుగాను విభజించు పని ప్రదర్శనశాలలలోనే యున్నంతకాలము సామాన్యజనులకు దానితో నిమిత్తము లేకుండెను. ఏ కుక్క ఏ వరుసలో నిలువవలెనో, బహుమానము దేనికి రావలెనో పోషకులును పరీక్షకులును తేల్చుకొనుచుండిరి. కాని 2024 మార్చి 12వ తేదీన కేంద్ర పశుసంవర్ధక శాఖవారు 23 రకముల కుక్కలను క్రూరమైనవిగా నెంచి, వాని దిగుమతికిని పెంపకమునకును అమ్మకమునకును అనుమతు లీయరాదనియు, ఇండ్లలో నున్నవానికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయింపవలెననియు రాష్ట్రములకు వ్రాసినప్పుడు, ఆ విభాగము ప్రదర్శనశాల గడప దాటి శాసనములోనికి ప్రవేశించినది. కావున ఈ వర్గములు ఎట్లు పుట్టినవో, వానికెంత విలువ నీయదగునో మన పాఠకులు విచారింపవలసియున్నది.

1570లో ఇంగ్లండున జాన్ కైయస్ అను వైద్యపండితుడు తన దేశపు కుక్కలనుగూర్చి లాటిను భాషలో నొక చిన్న గ్రంథము ప్రకటించెను. ప్రభువుల వేటకును వినోదమునకును పనికివచ్చునవి యొక తెగ. మందను, ఇంటిని కాచునవి యొక తెగ. తక్కిన నీచపు కుక్కలన్నియు నొక తెగ. ఈ కడపటి తెగలో, వంటశాలయందు చక్రములో నడచుచు మాంసము కాల్చు శలాకను త్రిప్పు కుక్కయు నుండెను. యంత్రములు వచ్చినపిదప ఆ పని పోయినది. పనితోపాటు కుక్కయు పోయినది. కైయస్ చూచినది కుక్క పుట్టుకను గాదు, అది చేయు పనిని, దానిని పోషించు యజమాని యంతస్తును. దొరవారి కుక్క ఉత్తమము, వంటవాని కుక్క యధమము! ఈ న్యాయము మన దేశమునకును క్రొత్తది కాదు గాని, ఆ ప్రసంగ మిప్పుడు వలదు.

1859లో న్యూకాసిల్ పట్టణమున వేటకుక్కల ప్రదర్శనము జరిగినది. 1873లో లండనున కెన్నెల్ క్లబ్బు వెలసినది. తొలుత వారికి వేటకు సంబంధించినవి, సంబంధింపనివి అను రెండే భాగములు చాలినవి. నేడు వారి వర్గము లేడు. అమెరికావారివియు నేడే, కాని ఆ యేడును ఈ యేడును ఒకటి కావు. 1911లో ఐదు ఐరోపా దేశములవారు స్థాపించిన అంతర్జాతీయ సమాఖ్య బెల్జియమునుండి పదివర్గముల పట్టికను నడుపుచున్నది. అందు 350కి మించిన జాతులు గలవు. తెల్లని యొడలిపై నల్లని చుక్కలుగల డాల్మేషియను సమాఖ్యవారికి వాసనపట్టి వేటాడు కుక్కలతో చేరినది. లండనువారికి వివిధోపయోగముల కుక్క. అమెరికావారికి వేటకు చెందని కుక్క. పొట్టికాళ్ల డాక్స్‌హుండునకు సమాఖ్యవారు ప్రత్యేకముగా నొక వర్గమునే యిచ్చిరి. తక్కిన రెండుచోట్లను అది వేటజాగిలములలో నొకటి. అమెరికాలో మందలు కాచు కుక్కలు చిరకాలము పనికుక్కల వర్గములో నుండి, 1983లో వేఱు వర్గమైనవి. ఆ యేట వాని రక్తములో మార్పేమియు జరుగలేదు.

ఇందులకు మేము వారిని తప్పుపట్టుటలేదు. వందలకొలది జాతులను ఒకేదినమున పరీక్షింపవలసినవారికి ఏదో యొక వరుస యుండవలెను. న్యాయస్థానములో దావాకు ఓ.ఎస్. అనియు, అప్పీలునకు ఏ.ఎస్. అనియు సంఖ్య వేయుదుము. ఆ సంఖ్యను చూచి తీర్పు చెప్పు న్యాయాధిపతి యెందును లేడు.

రక్తసంబంధమైనను ఈ వర్గములలో నిలుచునా యన్న, అదియు నంతంతమాత్రమే. 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు 85 జాతుల జన్యువులను పోల్చి చూచిరి. చూపుతో వేటాడు జాగిలములని సమాఖ్యవా రొకేవర్గమున నిలిపిన వానిలో ఆఫ్ఘను హౌండును సలూకీయు ప్రాచీనశాఖకు చెందగా, గ్రేహౌండు వేఱొకచోట తేలినది. ఫారోల కాలమునాటిదని పేరుపొందిన ఫారో హౌండు ఆ ప్రాచీనశాఖలో చేరనే లేదు. ఇక స్వభావమందురా? 2022లో ప్రకటింపబడిన పరిశోధనలో 18 వేలకు పైబడిన కుక్కల నడవడిని యజమానుల నడిగి తెలిసికొనిరి. కుక్కకు కుక్కకు నడవడిలో గల భేదమునకు జాతి కారణమగునది సుమారు నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన శునక మే వర్గమునకు చెందినదో వ్యాసులవారు చెప్పకపోవుట మంచిదే యైనది.

మన దేశపు కుక్కల గతి యేమి? కర్ణాటకమందలి ముధోలు జాగిలమును ఒక సంఘమువారు ముధోలు హౌండనియు, వేఱొక సంఘమువారు కారవాన్ హౌండనియు నమోదు చేయుచున్నారు. కుక్క యొకటే, పుస్తకములు రెండు! తమిళదేశపు రాజపాళయము జాగిలము తెలుగు మాటలాడు రాజులు స్థిరపడిన యూరి పేరును వహించినది. ఈ జాగిలములకు 2005లో మన తపాలాబిళ్లలమీద స్థానము దొరికినదే గాని, అంతర్జాతీయ సమాఖ్య పుట్టి నూరేండ్లు నిండినను దాని పట్టికలో దొరకలేదు. కర్నాలునందలి జాతీయ పశుజన్యు సంస్థవారు రాజపాళయము, చిప్పిపారై, ముధోలు కుక్కలను దేశీయజాతులుగా నమోదుచేయుట మెచ్చదగినది. బెల్జియము పట్టికలో లేనంతమాత్రమున వాని పరుగు తగ్గలేదు.

ఇక 2024 నాటి పట్టికను చూడుడు. అందు రాట్‌వైలరువంటి జాతుల నడుమ టెర్రియర్లు అను మాట యొంటరిగా నున్నది. టెర్రియరు జాతి కాదు, వర్గము. లాటినున నేల యను నర్థముగల మాటనుండి, బొరియలలో దూరి ఎలుకలను నక్కలను పట్టు కుక్కల కా పేరు వచ్చినది. మూడు కిలోలు తూగని యార్క్‌షైరు టెర్రియరును ఆ మాటలో చేరును. ఒడిలో కూర్చుండు ఆ ప్రాణిని లండనువారు బొమ్మకుక్కల వర్గమున నుంచిరి. టిబెట్టు టెర్రియరు పేరునకే టెర్రియరు. ఏ సంఘమువారును దానిని ఆ వర్గమున చేర్పలేదు. అదేమి చేయవలెను? జపానుదేశపు తోసా కుక్క యా పట్టికలో రెండుసార్లు కానవచ్చును. ఒక గుమాస్తా వ్రాసిన దస్తావేజులో నిట్టి దోషములున్న రిజిస్ట్రారు త్రిప్పి పంపును. 2024 ఏప్రిల్ 10న కర్ణాటక ఉన్నతన్యాయస్థానము, సంబంధించినవారిని విచారింపకయే చేసితిరని యా యుత్తరువును కొట్టివేసి, విధిప్రకారము మరల చేసికొనుటకు మాత్రము అవకాశ మిచ్చెను.

కుక్కకాటునకు గుఱియైన బిడ్డ తల్లి వర్గముల విచారణ కోరదు, రక్షణ కోరును. ఆ కోరిక న్యాయమైనది. ఇంగ్లండువారు 1991లో నాలుగు రకములను నిషేధించిరి. కాట్లు ఆగక 2023లో ఐదవదానిని చేర్చిరి. మనకైతే భారతీయ న్యాయసంహిత 291వ విభాగము సిద్ధముగానే యున్నది. తన జంతువువలన ఇతరులకు అపాయము కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొనని యజమానికి ఆఱుమాసముల వఱకు కారాగారముగాని, ఐదువేల రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఆ విభాగమునకు కుక్క జాతితో పనిలేదు. గొలుసు పట్టిన చేయిని మాత్రమే అది చూచును. మన పట్టణములలో ఏటేట ఎన్ని కాట్లు నమోదగుచున్నవో, వానిలో ఎన్నింటి విషయమై ఈ విభాగముక్రింద అభియోగములు దాఖలైనవో పురపాలక సంఘములు లెక్క ప్రకటింపవలెను. క్రొత్త పట్టిక వ్రాయబూనువారు ముందుగా ఆ లెక్కను తెప్పించుకొందురుగాక. పిమ్మట ముధోలు పల్లెలలోను, రాజపాళయములోను తరతరములుగా కుక్కలను పెంచుచున్నవారిని పిలిచి వాఙ్మూలములు తీసికొందురుగాక.