అప్పు తీరింది, పేరు పోలేదు

గత సంచికలో లాకర్ల గురించి రాస్తూ, ఈసారి కారు అప్పుల సంగతి ముచ్చటిస్తానని మాట ఇచ్చాను. వడ్డీలు, వాయిదాల లెక్కలతో ఒక పట్టిక కూడా తయారుచేసి పెట్టుకున్నాను. ఈలోగా బరంపురంలో మా అక్కయ్య ఇంటికి వెళ్ళి రావడంతో ఆ పట్టికను పక్కన పెట్టేశాను. అక్కడ జరిగిందే రాస్తాను.

మా బావగారు 2014 దసరాకు వ్యాగనార్ కొన్నారు. అప్పు కుదిర్చింది నేనే. నేను పనిచేసే బ్యాంకు కాదు లెండి, ఆయన జీతం పడే బ్యాంకు. షోరూములో కుర్రవాడు కాగితాల కట్ట ముందుపెట్టి, పెన్సిలుతో ఇంటూ గుర్తు ఉన్న చోటల్లా సంతకం చేయమన్నాడు. బావగారు చేశారు. బ్యాంకు ఆఫీసరునైన నేను పక్కన కూర్చుని కాఫీ తాగాను. ఆ కట్టలో ఫారం 34 అని ఒకటి ఉంటుంది. ఈ వాహనం ఫలానా బ్యాంకు అప్పుకు హామీగా ఉన్నదని ఆర్.సి.లో ఎక్కించే కాగితం అది. దీన్నే హైపోథికేషన్ అంటారు. ఆర్.టి.ఓ. ఆఫీసు గుమ్మం దగ్గర అందరూ హెచ్.పి. అనేస్తారు.

బావగారు ఒక్క వాయిదా తప్పలేదు. 2019లో అప్పు తీరింది. బ్యాంకు నుంచి ఎన్.ఓ.సి., సంతకాలు చేసిన ఫారం 35 రెండు ప్రతులు ఇంటికి వచ్చాయి. ఆయన వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇంటి దస్తావేజుల పక్కన బీరువాలో భద్రంగా దాచారు. ఆ కాగితాలు దాచుకోవడానికి ఇచ్చినవి కావు. ఆర్.టి.ఓ. ఆఫీసులో ఇచ్చి, ఆర్.సి. మీద బ్యాంకు పేరు కొట్టేయించుకోవడానికి ఇచ్చినవి. ఎన్.ఓ.సి. మీద సాధారణంగా మూడు నెలల గడువు కూడా ఉంటుంది. అప్పు తీర్చినవాడికి బ్యాంకు ఖాతాలో బాకీ సున్నా అని కనిపిస్తే చాలుననుకుంటాడు. రవాణా శాఖ దగ్గరున్న రికార్డుకు ఆ సున్నా సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా!

2023లో బావగారు కాలం చేశారు. కారు వాకిట్లో టార్పాలిన్ కింద ఉండిపోయింది. బ్యాటరీ దిగిపోయింది, టైర్లు నేలకు అణిగిపోయాయి. పందికొక్కులు బానెట్ లోపల కాపురం పెట్టి వైర్లు కొరికేశాయి. (వాడని కారును వారానికొకసారైనా స్టార్టు చేసి నాలుగు వీధులు తిప్పండి. నిలబెట్టినప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి నెలల తరబడి వదిలేయకుండా గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి.) మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు మెకానిక్ చేత బాగుచేయించి, విశాఖపట్నం దాకా తీసుకువెళ్ళి తీసుకువచ్చాడట. ఇన్సూరెన్సు ఉందా అని అడిగాను. “ఉంది మామయ్యా, నేనే ఫోన్లో రెన్యూ చేశాను” అన్నాడు. ఎవరి పేరున అంటే, “నాన్నగారి పేరునే.”

నాకు గుండె జారిపోయింది. పాలసీదారు పోయిన తరువాత మోటారు పాలసీ మూడు నెలలు గానీ, గడువు తీరేదాకా గానీ, ఏది ముందైతే అప్పటిదాకానే చెల్లుతుంది. ఆలోగా వారసులు తమ పేరున మార్పించుకోవాలి. లేని మనిషి పేరున కట్టిన పాలసీ పెట్టుకుని జాతీయ రహదారి మీద అంత దూరం వెళ్ళి వచ్చాడు పిల్లవాడు. దారిలో ఏదైనా జరిగి ఉంటే క్లెయిము ఎవరు వేయాలి, ఎవరికి ఇవ్వాలి?

కారును తాను ఉద్యోగం చేసే బెంగుళూరు తీసుకుపోతానని వాడన్నాడు. ఈ తిప్పలు మన సంఘం సభ్యులలో చాలామందికి తెలిసినవే. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి ముందు ఒడిశా ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, ఆ తరువాత కర్ణాటకలో పన్ను, ఇక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసుకు అర్జీ. పాత కారుకు ఇంత తతంగం ఎందుకని, అమ్మేద్దామని అక్కయ్యే తేల్చింది.

పాత కార్లు కూడా కొనే ఒక డీలరు షోరూముకు వెళ్ళాం. కుర్రవాడు మర్యాదస్తుడే. బానెట్ ఎత్తి చూశాడు, టైర్ల గాడి చూశాడు, ఫోనులో ఏవో నొక్కి 1,90,000 అన్నాడు. అక్కయ్య సంతోషించింది. అప్పుడు ఆర్.సి. చేతిలోకి తీసుకుని, “అమ్మా, హెచ్.పి. ఇంకా ఉంది. పైగా ఓనరుగారు లేరు. ఇలాగైతే 1,45,000 వస్తుంది. ఈ కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్ళండి, మిగతాదంతా మేం చూసుకుంటాం” అన్నాడు. ఆ కాగితాలు ఖాళీగా ఉన్న ఫారాలు 29, 30.

అక్కయ్య పెన్ను తీసుకుంది. “పోనీలేరా, ఈ ఆఫీసుల చుట్టూ నేను తిరగలేను. మీ బావగారుంటే వేరు” అంది. ఆవిడ చేయి పట్టుకుని ఆపాను. 45,000 కోసమే కాదు. సంతకాలు పెట్టి కారు వదిలేసి వచ్చాక, రికార్డులో పేరు మారేదాకా ఆ కారు చేసే ప్రతి ఘనకార్యమూ రికార్డులో ఉన్నవారి మెడకే చుట్టుకుంటుంది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న యజమానిదే.

ఇక తిరుగుడు మొదలు. బ్యాంకుకు వెళ్తే ఆ శాఖ మరో శాఖలో కలిసిపోయింది. పాత ఖాతా వెతికి కొత్త ఎన్.ఓ.సి. ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. నేనూ అదే కుర్చీలో కూర్చునేవాణ్ణి కనుక కోప్పడలేకపోయాను. తహసీల్దారు ఆఫీసులో వారసత్వ పత్రం. పిల్లలిద్దరి దగ్గరా అభ్యంతరం లేదని అఫిడవిట్లు. హెచ్.పి. కొట్టేయడానికి ఫారం 35, బావగారి పేరు నుంచి అక్కయ్య పేరుకు మార్చడానికి ఫారం 31. నిజానికి యజమాని పోయిన 30 రోజుల్లోపల ఆర్.టి.ఓ.కు తెలియజేసి, మూడు నెలల్లోపల ఈ ఫారం 31 ఇవ్వాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి? మొత్తం నాలుగు నెలలు పట్టింది. మొదటి రెండుసార్లు నేను వెంట వెళ్ళాను. ఆ తరువాత అక్కయ్య ఒక్కతే వెళ్ళి, ఏ కిటికీలో ఏ కాగితం ఇవ్వాలో ఫోనులో నాకే చెప్పడం మొదలుపెట్టింది.

ఈ గొడవ నడుస్తుండగా ఒక రాత్రి ఎందుకో నా కారు ఆర్.సి. తీసి చూశాను. మా బ్యాంకు స్టాఫ్ లోను 2021లో తీరింది. బ్యాంకు పేరు మాత్రం ఆర్.సి. మీద చెక్కుచెదరకుండా ఉంది. మా ఆవిడకు చెబితే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మర్నాడే ఫారం 35 పట్టుకుని వెళ్ళాను.

కాబట్టి ఈ సంచిక పక్కన పెట్టి మీ ఆర్.సి. ఒకసారి తీయండి. పరివాహన్ వెబ్‌సైటులో వాహనం నంబరు కొట్టినా వివరాలు కనిపిస్తాయి. అప్పు తీరిపోయినా బ్యాంకు పేరు ఉంటే తీయించండి. ఇన్సూరెన్సు పాలసీలో కూడా అదే పేరు ఉంటుంది, దాన్నీ తీయించాలి. లేకపోతే కారు పూర్తిగా పాడైన రోజున క్లెయిము సొమ్ము చేతికి రావడానికి మళ్ళీ బ్యాంకు కాగితమే అడుగుతారు. ఇంకొక మాట. 2021 నుంచి ఆర్.సి.లో నామినీ పేరు కూడా రాయించుకునే వీలు వచ్చింది. షోరూములో ఇంటూ గుర్తుల దగ్గర సంతకాలు చేసేటప్పుడే ఆ గడి నింపమని అడగండి. అడగకపోతే ఖాళీగా వదిలేసేవాళ్ళే ఎక్కువ.

అక్కయ్య పేరున ఆర్.సి. వచ్చాక అదే షోరూముకు మళ్ళీ వెళ్ళాం. నాలుగు నెలలు పాతబడింది కదా అని 1,80,000 అన్నాడు. పేరు మార్పు పూర్తయిన కాగితం ఎన్నాళ్ళలో ఇస్తారో రాసిమ్మని అక్కయ్యే అడిగి, చదివి, అప్పుడు సంతకం పెట్టింది. బావగారు డాష్‌బోర్డు మీద అతికించుకున్న చిన్న జగన్నాథుణ్ణి మెల్లగా ఊడదీసి చీర కొంగులో చుట్టుకుంది. ఇద్దరం ఆటోలో ఇంటికి వచ్చాం.