ఎనభైల నాటి పాటలు, మన బెంగ

నేటి విద్యార్థి లోకంలో ఒక విచిత్రమైన అభిరుచి బలపడుతున్నది. తాము పుట్టడానికి పదిహేను, ఇరవై ఏళ్ళకు పూర్వమే విడుదలైన చలనచిత్రాలను చూచి, ఆనాటి పాటలను విని, ఆ కాలం మళ్ళీ రాకూడదా అని నిట్టూర్చేవారు మన తరగతి గదులలో నానాటికీ ఎక్కువవుతున్నారు. 2022 ఆగస్టులో 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకొన్న పునర్విడుదలల వేడుక క్రమంగా వెనుక కాలానికి నడిచింది. 1990 నాటి 'జగదేకవీరుడు అతిలోక సుందరి' 2025 మే నెలలో మళ్ళీ తెరకెక్కింది. 1989 అక్టోబరులో వచ్చిన 'శివ' అదే ఏడాది నవంబరులో కొత్త మెరుగులతో తిరిగి విడుదలైంది. ఈ గాలి మన కళాశాలకూ సోకింది. వార్షికోత్సవానికి 'ఎనభైల సాయంత్రం' అని పేరు పెట్టాలని విద్యార్థులలో ఒక వర్గం కోరుతున్నది. చదువులు మాని ఇదేమి వెర్రి అని పెద్దలలో ఒక వర్గం విసుగు చెందుతున్నది. ఈ రెండు పక్షాల వారికీ మేము మనవి చేయదలచుకొన్నది కొంత ఉన్నది.

మొదట ఈ భావానికి పేరేమిటో చూద్దాం. ఇంగ్లీషువారు దీనిని నోస్టాల్జియా అంటారు. ఆ మాటను పుట్టించినవాడు కవి కాదు, వైద్యుడు. 1688లో జోహాన్నెస్ హోఫర్ అనే స్విస్ వైద్యవిద్యార్థి ఇంటికి దూరమై కృశించిపోయే వారి వ్యాధికి ఈ పేరు పెట్టినాడు. ఉర్దూలో 'యాదే మాజీ' అనే అందమైన పదబంధం ఉన్నది గాని అది గడచిన కాలపు స్మృతి మాత్రమే. అందులో వ్యాధి లేదు. తెలుగులో పండితులు గతస్మృతి, పూర్వవ్యామోహం అని ఏవేవో కల్పించినారు. మా దృష్టిలో వాటన్నిటి కంటె మన ఇండ్లలో వాడే 'బెంగ' అనే మాటే సరియైనది. హాస్టల్లో చేరిన పిల్లవాడు అన్నం సయించక, గోడవైపు తిరిగి పడుకొంటే బెంగ పెట్టుకొన్నాడంటాము. హోఫర్ చూచిన జబ్బు సరిగ్గా అదే. అయితే ఒక చిక్కు ఉన్నది. ఎన్నడూ నివసించని ఇంటి మీద ఎవరికైనా బెంగ కలుగుతుందా?

కలుగుతుందనే లోకం సాక్ష్యమిస్తున్నది. 'ది వీకెండ్' అనే గాయకుని 'బ్లైండింగ్ లైట్స్' (2019) పాట ఎనభైల నాటి సింథసైజరు ధ్వనులతోనే దేశదేశాలలో మారుమ్రోగింది. దువా లిపా 2020లో వెలువరించిన ఆల్బమ్ పేరే 'ఫ్యూచర్ నోస్టాల్జియా'. కేట్ బుష్ 1985లో పాడిన ఒక పాట ఒక టెలివిజన్ ధారావాహిక పుణ్యమా అని 2022లో బ్రిటన్‌లో ప్రథమ స్థానానికి చేరింది. ఎనభైలలో బాలురుగా ఉన్నవారు నేడు నిర్మాతలై, దర్శకులై, తమ బాల్యాన్ని మనకు అమ్ముతున్నారని కొందరంటారు. అది కొంతవరకు నిజమే. పాత సరుకును మళ్ళీ అమ్మడంలో ఖర్చు తక్కువ. ఇంత మాత్రంచేత విద్యార్థుల అభిరుచి అంతా వ్యాపారుల మాయ అని కొట్టివేయలేము.

ఆ పాటలలో నిజంగానే సత్తా ఉన్నది. ఆ రోజులలో వయొలిన్లు, వేణువులు, తబలాలు వాయించే పదుల కొద్దీ కళాకారులు మద్రాసు రికార్డింగు థియేటర్లలో ఒక్కచోట కూర్చొని, ఒకరి ఊపిరిని ఒకరు గమనిస్తూ వాయించినారు. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటినుండి వాయించవలసిందే. ఆ శ్రద్ధ నేటి చెవికి కూడ వినిపిస్తుంది. 'శంకరాభరణం' (1980) సంగీత దర్శకునికి, గాయకునికి, గాయనికి మూడు జాతీయ పురస్కారాలు తెచ్చినది. 'సాగర సంగమం' (1983), 'రుద్రవీణ' (1988) చిత్రాలు ఇళయరాజాకు, బాలసుబ్రహ్మణ్యానికి అదే గౌరవాన్ని కూర్చినవి. ఆ తరం ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నది. 2020 సెప్టెంబరులో బాలసుబ్రహ్మణ్యం, 2021 నవంబరులో సిరివెన్నెల సీతారామశాస్త్రి కన్నుమూసినారు. 'శంకరాభరణం' విడుదలైన ఫిబ్రవరి 2వ తేదీనే 2023లో విశ్వనాథ్ గారు, మరి రెండు రోజులకు వాణీ జయరాం గారు గతించినారు. ఆ వారంలో మన విద్యార్థులు పలువురు ఆ పాటలను మొదటిసారి శ్రద్ధగా విన్నారు. కనుక ఇది వెర్రి అనడం పెద్దలకు తగదు.

ఇక విద్యార్థి మిత్రులకు మా మొదటి మాట. మీరు ఆరాధిస్తున్న ఎనభైలు స్వయంగా మరొక కాలం మీద బెంగ పెట్టుకొన్నవే. 'శంకరాభరణం' కథ ఏమిటి? పాశ్చాత్య సంగీతపు హోరులో శాస్త్రీయ సంగీతానికి ఆదరణ తగ్గిపోయిందని బాధపడే ఒక విద్వాంసుని కథ. ఆ చిత్రంలో శంకరశాస్త్రిని అల్లరిపెట్టే కుర్రకారు మ్రోగించినది 1980 నాటి కొత్త పాప్ సంగీతమే! ఆ కుర్రకారు వారసత్వాన్ని, ఆ శాస్త్రిగారి వారసత్వాన్ని నేడు ఒకే సంచీలో వేసుకొని 'రెట్రో' అంటున్నాము. శాస్త్రిగారు వింటే ఏమనేవారో! అరువు సంగతి చూచినా అంతే. 'దొంగ' (1985) చిత్రంలోని ఒక ప్రసిద్ధ నృత్యగీతం మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'కు అనుకరణ. 'కుర్బానీ' (1980) లో నాజియా హసన్ అనే కరాచీ బాలిక పదిహేనేళ్ళ ప్రాయంలో పాడిన పాట ఉపఖండాన్ని ఊపివేసింది. దానికి బాణీ కట్టిన బిద్దు బెంగుళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడినవాడు. ఎనభైల సంగీతం స్వచ్ఛమైనది, నేటిది కలుషితమైనది అనే వాదం చెల్లదు. అప్పుడూ కలిసినవే, ఇప్పుడూ కలిసినవే. కలపడంలో నేర్పు ఒకప్పుడు ఎక్కువ, ఒకప్పుడు తక్కువ.

మా రెండవ మాట కొంచెం కటువైనది. ఎనభైలు అంటే ఎవరి ఎనభైలు? తెర మీది ఎనభైలలో రంగురంగుల దీపాలు, మెరుపు దుస్తులు, మోటారు సైకిళ్ళు ఉన్నవి. పాతబస్తీలో తరచు విధించిన కర్ఫ్యూలు ఆ పాటలలో లేవు. 1985 జులైలో కారంచేడులో దళితులను ఊచకోత కోసిన సంగతి లేదు. పాటలలో చరిత్ర వెదకడం న్యాయమా అని అడగవచ్చు. సరే, పాటలను వదలి మాటలనే చూద్దాం. ఆనాటి అనేక చిత్రాలలో నాయికా నాయకులు కృష్ణా, గోదావరి మండలాల భాష మాట్లాడుతారు. మన చేవెళ్ళలో, శంకర్‌పల్లిలో, వికారాబాదులో అమ్మలు, తాతలు మాట్లాడే భాష ఎవరి నోట పెట్టినారు? రౌడీ నోట, వాని అనుచరుని నోట, నవ్వు పుట్టించే నౌకరు నోట. మన దక్కనీ ఉర్దూ గతి మరీ హీనం. అది హాస్యగాని పళ్ళెంలో పచ్చడి మాత్రమే అయినది. ముస్లిం పాత్ర వచ్చినదంటే నాయకుని కోసం ప్రాణమిచ్చే స్నేహితుడో, అత్తరు అమ్మే మామో. మన ఇంటి మాటను చూచి హాలంతా నవ్వుతుంటే, మన పెద్దలూ ఆ హాలులో కూర్చొని నవ్వినారు. వారు ఇంకేమి చేయగలరు? తెలంగాణ మాట నాయిక నోట గౌరవంగా పలకడానికి 'ఫిదా' (2017) వరకు, ఒక ఊరి చావింటి గోసను ఆ ఊరి మాటలోనే చెప్పడానికి 'బలగం' (2023) వరకు ఆగవలసి వచ్చినది. 'ఎనభైల సాయంత్రం' నాడు ఆ కాలపు వేషం వేసుకొని, ఆ కాలపు రౌడీ యాసను కూడ అనుకరించి చప్పట్లు కొట్టించుకొనే విద్యార్థి, తాను ఎవరిని వెక్కిరిస్తున్నాడో ఒక్క క్షణం ఆలోచించాలి.

అయితే ఆ దశాబ్దంలో మనవైన చిత్రాలు లేకపోలేదు. 1980లో విడుదలైన 'మా భూమి'ని మన పత్రిక పాఠకులు ప్రత్యేకంగా తెలిసికోవాలి. మన సంచికకు రెండు ముఖాలు. ఒకవైపు నుండి తెరిస్తే ఉర్దూ, మరొకవైపు నుండి తెరిస్తే తెలుగు. రెండు వైపుల వారు మధ్య పుటలో కలుసుకొంటారు. 'మా భూమి' అటువంటి మధ్య పుట. తెలంగాణ రైతాంగ పోరాటం మీద కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల దానికి ఆధారం. దర్శకుడు బెంగాలీ యువకుడు గౌతం ఘోష్. నిర్మాత మన బి. నరసింగరావు. రామయ్య పాత్ర ధరించినవాడు సాయిచంద్. బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ ఆ చిత్రంలో పాడినాడు. అందులో విదేశీ వాద్యాల మోత లేదు, మెరుపు దుస్తులు లేవు. నలభై ఐదేళ్ళు గడచినా పల్లెలలో ఆ పాటలు సభ జరిగితే చాలు వినబడుతూనే ఉన్నవి. ఉర్దూ కథ, తెలుగు పాట, తెలంగాణ మట్టి ఒక్క తెర మీద కలిసినవి. మరి మన 'రెట్రో' జాబితాలో దాని పేరు ఎక్కడ?

రెండవది హిందీ చిత్రం 'బాజార్' (1982). సాగర్ సర్హదీ దర్శకత్వం వహించిన ఈ కథ జరిగేది హైదరాబాదులో. గల్ఫులో సంపాదించి వచ్చిన వయస్సు మీరిన వరునికి ఒక పేద ఇంటి బాలికను నిఖా పేరుతో అమ్మివేయడం ఇతివృత్తం. ఖయ్యాం స్వరపరచిన ఆ చిత్రపు గజళ్ళను మన ఉర్దూ విభాగం విద్యార్థులు ప్రతి ముషాయిరా నాడు ఆలపిస్తారు. వాటిలో ఒకటి మఖ్దూం మొహియుద్దీన్ రచన. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం 1969లోనే మరణించినాడు. తన గజల్ ఈ చిత్రంలో లతా మంగేష్కర్, మన హైదరాబాదు బిడ్డ తలత్ అజీజ్ గొంతులలో వెలువడుతుందని ఆయన ఎరుగడు. మాకు బాధ కలిగించేది ఒక్కటే. గజల్ మాధుర్యం అందరికీ గుర్తున్నది, అది ఏ కథ నడుమ వస్తుందో మరచిపోయినారు. వివాహాలలో సైతం దానిని వాయిస్తున్నారు. ఒక బాలిక అమ్ముడుపోయిన కథలోని పాటను పెండ్లి పందిట్లో వాయించడం కంటె విచిత్రం ఉంటుందా? మన కళాశాలలో చదివే ఆడపిల్లలు ఈ చిత్రాన్ని పాటల కోసమే కాక మొత్తంగా చూడాలని మా కోరిక.

ఇప్పుడు మన ఊరి సంగతి. దొంతన్‌పల్లి దారిలో నేడు ఎటు చూచినా వెంచర్లు, విల్లాల గోడలు. ఎనభైలలో ఇది పంట చేల నడుమ పల్లె. ఆ కాలంలో హైదరాబాదు నుండి, చుట్టుప్రక్కల జిల్లాల నుండి వేలమంది పొట్టచేత పట్టుకొని గల్ఫు దేశాలకు వెళ్ళినారు. వారు సెలవులో తిరిగి వచ్చేటప్పుడు తెచ్చే మొదటి వస్తువు టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్. ఫిలిప్స్ కంపెనీ 1963లో లోకానికి ఇచ్చిన క్యాసెట్టు మన ఇండ్లకు ఈ విధంగానే చేరినది. చదువురాని తల్లి ఉత్తరం రాయలేదు. క్యాసెట్టులో మాట్లాడి పంపినది. దుబాయిలోని కొడుకు అటువైపు పక్కన జవాబు నింపి తిప్పి పంపినాడు. చెల్లెలి నిఖాకు రాలేని అన్న కోసం ఆ రాత్రి ఆడవారు పాడిన ఢోలక్ గీతాలన్నీ రికార్డు చేసి పంపినారు. అటు బతుకమ్మ పాటలు కూడ అట్లే పోయినవి. సినిమా పాటల నకళ్ళు లక్షలలో ఉన్నవి. వాటిని కాపాడడానికి కంపెనీలు ఉన్నవి, 1964 నుండి పూనాలో జాతీయ చలనచిత్ర భండాగారం ఉన్నది. ఆ తల్లి గొంతు ఉన్న క్యాసెట్టు మాత్రం లోకంలో ఒక్కటే. అది ఏ అటక మీదనో, ఏ ఇనుప పెట్టెలోనో ఉన్నది. అయస్కాంతపు టేపుకు తేమ తగిలితే బూజు పడుతుంది. పొర ఊడి వస్తుంది. వాయించే యంత్రాలు అంగళ్ళలో దొరకడం అరుదైపోయినది.

కనుక కళాశాల కమిటీ వారికి మా విన్నపం. 'ఎనభైల సాయంత్రం' జరుపుకోనివ్వండి. దీపాలకు, అద్దె దుస్తులకు, సౌండ్ సిస్టముకు కేటాయించే సొమ్ములో కొంత తగ్గించి, బాగుచేయించిన క్యాసెట్ ప్లేయరు ఒకటి, దానిని కంప్యూటరుకు కలిపే తీగ ఒకటి గ్రంథాలయానికి ఇప్పించండి. ఉదయం సెమినారు హాలులో 'మా భూమి', 'బాజార్' చూపించి, వాటి మీద ఉర్దూ, తెలుగు విద్యార్థులను ఒకే వేదిక మీద మాట్లాడనివ్వండి. పాటలు, నృత్యాలు సాయంత్రం ఎట్లాగూ ఉంటవి.

విద్యార్థి మిత్రులు తమ ఇండ్లలో, మేనమామల ఇండ్లలో, నానీ, అమ్మమ్మల పెట్టెలలో వెదకాలి. బూజు పట్టిన క్యాసెట్టును ఆత్రపడి వాయించవద్దు, టేపు తెగుతుంది. ఉన్నది ఉన్నట్లు తీసికొని రావాలి. ప్రతి దాని మీద ఎవరి ఇంటిది, ఎవరి గొంతు, ఏ ఏడాది అన్నది తెలిసినంత వరకు రాయాలి. అరవై నిమిషాల క్యాసెట్టును నకలు చేయడానికి అరవై నిమిషాలూ పడుతుంది, తొందరపెట్టే ఉపాయం లేదు. రోజుకు నాలుగు చొప్పున అయినా ఒక సెలవుల కాలంలో వంద దాటవచ్చు. మరొక సంగతి. ఢోలక్ గీతాలు ఆడవారు తమలో తాము పాడుకొన్నవి. వాటిలో వియ్యపురాలి మీద వేళాకోళాలు ఉంటవి, బయటి మగవారు వినకూడదని కొన్ని ఇండ్లలో పట్టింపు ఉంటుంది. పాడినవారు జీవించి ఉంటే వారిని, లేకుంటే వారి కుమార్తెలను అడిగి, వద్దన్నవాటిని నకలు చేసి ఆ ఇంటికే అప్పగించాలి. గ్రంథాలయంలో ఉంచవలసినవి వారు సరేనన్నవి మాత్రమే.