ముందు తల, తర్వాత కర్ర

ఐస్ హాకీ ఆడదామని సరదా పుట్టిన కుర్రవాడు సామాను దుకాణంలో అడుగు పెట్టగానే చేసే మొదటి పని, గోడవార నిలబెట్టిన కర్రల్లోంచి ఒకటి తీసి రెండు చేతులతో వంచి చూడటం. అమ్మేవాడు కూడా వద్దనడు. మంచి రకం కర్ర మూడు నాలుగు వందల డాలర్లు పలుకుతుంది మరి! అది కొన్నాక జేబులో మిగిలినదాన్నిబట్టి స్కేట్స్, ఆపైన మిగిలినదాన్నిబట్టి హెల్మెట్. ఇక మెడకు కట్టుకునే పట్టీ దగ్గరకు వచ్చేసరికి, "అదెవరు కట్టుకుంటున్నార్లెండి" అని ఊరుకోవడం. ఈ వరస తలకిందులుగా వుందని నా వాదన. డబ్బు ముందుగా తలకూ, మెడకూ, పాదాలకూ ఖర్చు కావాలి. కర్ర చివర రావాలి. కాదనేవారు కాదనవచ్చు, కాని కారణాలు విన్నాక కాదనమని మనవి.

మన సావనీర్‌లో ఐస్ హాకీ ఏమిటని లెక్చరర్లు నవ్వుకోవచ్చు. మన వూళ్ళో మంచు అంటే సోడా బండి మీది గడ్డే కదా! అయితే ఏటేటా మన కళాశాలల నుంచి కెనడాకూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలకూ చదువులకు వెళ్ళేవాళ్ళు తక్కువేమీ లేరు. నెలల తరబడి చలిలో గదిలో ముడుచుకుని పప్పుచారు కాచుకుంటూ కూర్చోవడం కన్నా రింకుకు పోవడం ఒంటికీ మనసుకూ మంచిదని రెండో శీతాకాలానికి చాలామందికి తెలిసి వస్తుంది. ఎడ్మంటన్‌లో నేను ఆడే గుంపులో ప్లంబరున్నాడు, పళ్ళ డాక్టరున్నాడు, మనవాళ్ళు ఇద్దరున్నారు. రాత్రి పదిన్నర దాటితే గాని మాకు రింకు దొరకదు. మేమెవరం ఎప్పటికీ గొప్ప ఆటగాళ్ళం కాము. మరునాడు పొద్దున్నే ఎవరి ఉద్యోగానికి వాళ్ళం కాళ్ళూ చేతులూ సరిగ్గా వుండి వెళ్ళడమే మాకు కావలసింది. సరదాకి ఆడేవాడు సామాను ఎంచుకోవలసింది ఈ లెక్కన.

ఆట సంగతి రెండు ముక్కల్లో. రెండు వందల అడుగుల పొడవు, ఎనభై అయిదు అడుగుల వెడల్పు వుండే మంచు పలక. జట్టుకు ఆరుగురు. బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ, మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం. బరువు 156 నుంచి 170 గ్రాములు, అంటే ఇంచుమించు మన క్రికెట్ బంతి బరువే. ఎగిరెగిరి పడకుండా దాన్ని ఆటకు ముందు గడ్డ కట్టిస్తారు. ఇక ఆడేవాళ్ళందరి కాళ్ళకూ ఉక్కు బ్లేడులు. ఒంటికి ఇంత సామాను ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

స్కేట్స్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మనకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. బడి తెరిచే రోజుల్లో "ఎదిగే పిల్లాడు" అని ఒక సైజు పెద్ద బూట్లు కొని, ముందు భాగంలో దూది కుక్కి పంపిస్తారు. ఆ బుద్ధితో స్కేట్స్ కొన్నామా, చెడ్డామే! మామూలు బూటు సైజు కన్నా స్కేట్ సైజు ఒకటి, ఒకటిన్నర తక్కువ వుంటుంది. పలచని మేజోడు ఒక్కటి వేసుకుని, లేసులు పూర్తిగా బిగించి నిటారుగా నిలబడితే కాలివేళ్ళు ముందు గోడకు తగిలీ తగలనట్లుండాలి. మోకాళ్ళు వంచితే మడమ వెనక్కి జరిగి వేళ్ళకు వూపిరాడాలి. మడమ పైకి లేచిందంటే ఆ జత మీది కాదు. వదులు స్కేట్స్‌లో చీలమండ అటూ ఇటూ వూగుతుంది; నాకు బ్యాలెన్సు లేదు, ఈ ఆట నాకు రాదు అని చాలామంది విరమించుకోవడానికి అసలు కారణం బ్యాలెన్సు కాదు, సైజు. ఇప్పటి స్కేట్స్‌ను దుకాణంలోనే కొద్ది నిమిషాలు ఓవెన్‌లో వేడిచేసి, మెత్తబడ్డాక తొడిగించి, పాదం ఆకారానికి అమరేటట్టు చేసి ఇస్తారు. ఆ సేవ తప్పకుండా అడిగి చేయించుకోవాలి.

వెయ్యి డాలర్లు దాటిన జతలు కూడా వున్నాయి. వాటిలో కాలు పెడితే రాతిగోడలో పెట్టినట్లుంటుంది. రోజూ గంటల తరబడి ఆడే వృత్తి ఆటగాడి వేగానికీ, కండకూ ఆ గట్టిదనం అవసరం. వారానికి గంట ఆడేవాడికి దానివల్ల పాదం నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. నడిమి తరగతి జత, కాలికి సరిపోయింది, చాలు. బ్రాండు చూడనక్కరలేదా అంటారేమో. సి.సి.ఎం. అనే పెద్ద పేరు 1899లో సైకిళ్ళ కంపెనీగా మొదలైంది. బౌర్ వారిది ఒంటారియోలోని కిచెనర్‌లో బూట్ల వ్యాపారం, 1927లో స్కేట్స్ మొదలుపెట్టారు. ఇద్దరివీ మంచివే. ఒకరి అచ్చు ఒక పాదానికి నప్పుతుంది, మరొకరిది మరొక పాదానికి, అంతే.

బ్లేడు విషయం మెకానికల్ బ్రాంచి మిత్రులకు సరదాగా వుంటుంది. బ్లేడు అడుగు కత్తిలా మొనదేలి వుండదు, చదునుగానూ వుండదు. పొడవునా సన్నని గాడి, దానికి ఇరుపక్కలా రెండు అంచులు. సాన పట్టే చక్రం అంచును ఎంత వ్యాసార్థంతో గుండ్రం చేశారన్నదాన్నిబట్టి గాడి లోతు వుంటుంది. వ్యాసార్థం తక్కువైతే గాడి లోతు. మంచును గట్టిగా పట్టుకుంటుంది, కాని జారడం మందగిస్తుంది. వ్యాసార్థం ఎక్కువైతే హాయిగా జారుతుంది, మలుపులో పట్టు తగ్గుతుంది. చాలా దుకాణాల్లో అడగకపోతే అర అంగుళానికి పట్టి ఇస్తారు. బరువైన మనిషి అంచులు మంచులోకి ఎలాగూ దిగుతాయి కాబట్టి ఎనిమిదింట అయిదు అంగుళం అతనికి నప్పవచ్చు. ఒకసారి నప్పిన కొలత కాగితం మీద రాసుకుని ప్రతిసారీ అదే అడగాలి. సాన పట్టించడానికి పది డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. రెండు అంచులూ ఒకే ఎత్తున వున్నాయో లేదో అక్కడే, బ్లేడు మీద ఒక నాణెం అడ్డంగా పెట్టి చూసుకోవచ్చు. నాణెం ఒక పక్కకు ఒరిగిందంటే మళ్ళీ పట్టమనాలి. మొహమాటం అక్కరలేదు.

ఇక తల. ఈ ఆట చరిత్రంతా తలకూ అహంకారానికీ జరిగిన తగాదాలాగా కనిపిస్తుంది నాకు. 1959 నవంబరు 1న న్యూయార్కులో మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ మొహానికి పక్ తగిలి చీలింది. కుట్లు వేయించుకుని వచ్చి, ముసుగు వుంటేనే మళ్ళీ దిగుతానన్నాడు. ముసుగంటే కోచ్‌కు ఇష్టం లేదు. అయినా పంతం నెగ్గించుకున్నాడు. 1968 జనవరిలో మిన్నెసోటా ఆటగాడు బిల్ మాస్టర్టన్ హెల్మెట్ లేకుండా వెనక్కి పడి, తల మంచుకు కొట్టుకుని రెండు రోజులకు చనిపోయాడు. తర్వాత ఎన్.హెచ్.ఎల్. హెల్మెట్ తప్పనిసరి చేయడానికి పదకొండేళ్ళు పట్టింది. అదీ 1979 జూన్ తర్వాత ఒప్పందం చేసుకున్న కొత్తవాళ్ళకే. పాతవాళ్ళు ఇష్టమైతే ఉత్త తలతో ఆడుకోవచ్చునన్నారు. ఆ ఆఖరివాడు క్రెగ్ మెక్‌టావిష్ 1997లో రిటైరయ్యేదాకా ఆ తంతు సాగింది.

ఇప్పుడు హెల్మెట్ గొడవ తీరింది, మెడ గొడవ నడుస్తోంది. 1989 మార్చిలో బఫెలో గోలీ క్లింట్ మలార్చుక్ మెడ నరం స్కేటు తగిలి తెగింది. పక్కనున్న ట్రైనరు ఒడుపుగా నొక్కిపట్టబట్టి బతికాడు. 2023 అక్టోబరు 28న ఇంగ్లండులోని షెఫీల్డులో ఆడమ్ జాన్సన్‌కు ఆ అదృష్టం లేకపోయింది. ఆ తర్వాతే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీలన్నిట్లో మెడ రక్షణను తప్పనిసరి చేసింది. కెనడాలో పిల్లల ఆటకు అంతకు ముందు నుంచే ఆ నిబంధన వుంది. పెద్దల సరదా ఆటల్లో మాత్రం చాలాచోట్ల ఎవరి ఇష్టానికి వాళ్ళను వదిలేశారు. ఎందుకయ్యా కట్టుకోవు అని అడగండి: ఉక్క పోస్తుందంటాడొకడు, గీరుకుంటుందంటాడొకడు. మూడు వందల డాలర్ల కర్ర కొన్న పెద్దమనిషి కూడా అంటాడు! ఆ కర్ర ఖరీదులో పదో వంతు, పోనీ ఐదో వంతు పెడితే కోత తట్టుకునే పట్టీ వస్తుంది. బతికుంటే బలుసాకు తినవచ్చునని మన పెద్దలు ఊరికే అనలేదు. మా గుంపులో స్కేటింగ్ సరిగ్గా రానివాళ్ళే ఎక్కువ. అందుచేత పడేవాళ్ళూ ఎక్కువే. పడేటప్పుడు కాళ్ళు గాల్లోకి లేస్తాయి, ఆ కాళ్ళకు బ్లేడులుంటాయి. వృత్తి ఆటగాళ్ళ కన్నా మనకు ఈ పట్టీ అవసరం తక్కువ అనేవారి తర్కం నాకు అర్థం కాదు.

హెల్మెట్ కొత్తదే కొనాలి. కెనడాలో సి.ఎస్.ఎ. ముద్ర చూడాలి, అమెరికాలో హెచ్.ఇ.సి.సి. ముద్ర, దానికి తయారైన తేదీ నుంచి ఆరున్నరేళ్ళ గడువు. స్నేహితుడు ఇచ్చిన పాత హెల్మెట్ పైకి నిగనిగలాడుతున్నా లోపలి ఫోమ్ ఎన్ని దెబ్బలు తిన్నదో మనకు తెలియదు. రంగు పూసినా, రంధ్రాలు పొడిచినా ఆ ముద్రకు విలువ పోతుంది. మొహం నిండా కప్పే ఇనప జాలీ పెట్టించుకోండి; పళ్ళ డాక్టరు మా జట్టులోనే వున్నా ఆయన ఫీజు ఫీజే. ఇంకొక మాట. హెల్మెట్ పుర్రెను కాపాడుతుందే గాని, లోపల మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు. తల తిరిగినట్లనిపిస్తే ఆ రోజుకు ఆట చాలించి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

మోకాటి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, భుజాలవి, దట్టమైన నిక్కరు, ఇవన్నీ సెకండ్ హ్యాండు కొనవచ్చు, కొనాలి కూడా. ఎదిగే పిల్లలున్న దేశం అది. ఏడాదికొక సైజు మారి, సగం కొత్తవి అంగట్లోకి తిరిగి వస్తాయి. లోపల తొడుక్కునే గార్డు మాత్రం ఎవరిది వాళ్ళే కొత్తది కొనుక్కోవాలని చెప్పనక్కరలేదనుకుంటాను. ఆడపిల్లలకు వేరే కోతతో చేసినవి దొరుకుతాయి, మగవాళ్ళవి సర్దుకోమంటే ఒప్పుకోవద్దు.

కర్రకు వద్దాం. ఫీల్డు హాకీలో జలంధరు మల్బరీ కర్ర పట్టినవాళ్ళకు ఇది వింతగా వుంటుంది, ఎందుకంటే ఈ కర్ర వంగాలి. వంగి విడిచిపెట్టిన విల్లులాగా పక్‌ను విసురుతుంది. కర్ర మీద ఫ్లెక్స్ అని ఒక అంకె వేస్తారు. దాన్ని అంగుళం వంచడానికి ఎన్ని పౌన్ల బలం కావాలో ఆ అంకె. ఒంటి బరువు పౌన్లలో ఎంతో అందులో సగం ఫ్లెక్స్ అన్నది వాడుకలో వున్న లెక్క. అరవై కిలోల మనవాడికి 65 సరిపోతుంది. పెద్దల కర్రల్లో మామూలుగా దొరికే 85 అతని చేతిలో గడకర్రే! 65 కావాలంటే దుకాణంవాడు "ఇంటర్మీడియట్" అరలోంచి తీస్తాడు. డిగ్రీ పూర్తి చేసి ఎం.ఎస్.కు వచ్చినవాణ్ణి మళ్ళీ ఇంటర్మీడియట్ ఏమిటని ఉడుక్కోవద్దు. స్కేట్స్ లేకుండా నిలబడితే కర్ర ముక్కు దాకా రావాలి. కోసి పొట్టి చేస్తే గట్టిదనం పెరుగుతుందని గుర్తుంచుకుని కొనాలి. చెక్క కర్ర విరిగే ముందు కిర్రుమని చెబుతుంది, ఖరీదైన కాంపోజిట్ కర్ర చెప్పకుండా ఫట్‌మంటుంది. అప్పుడు మూడు వందల డాలర్లూ చెత్తబుట్టలోకే.

ఎంత మంచివి కొన్నా దాచడం చేతకాకపోతే రెండేళ్ళకు అన్నీ పాడు. మన కళాశాలల్లో ఆటసామాను గదులు చూసినవారికి ఇది కొత్త కాదు. బడ్జెట్ రాగానే కొంటారు, తడి నేల మీద పడేస్తారు, బ్యాటుకు అవిసె నూనె రాసే దిక్కుండదు, మరుసటి ఏడు మళ్ళీ కొంటారు. కొనడానికి పద్దు వుంది, కాపాడటానికి లేదు. ఐస్ హాకీలో ఈ పద్ధతి అసలు చెల్లదు, ఎందుకంటే గంట ఆడితే సామానంతా చెమటతో తడిసి ముద్దవుతుంది. దాన్ని అలాగే సంచీలో కట్టి కారు డిక్కీలో వదిలేస్తే బూజు పడుతుంది, వచ్చే వాసన వర్ణించలేను. అంతకన్నా ముఖ్యం, తామర వంటి చర్మవ్యాధులు పట్టుకుంటాయి. ఇంటికి ఎంత ఆలస్యంగా చేరినా సరే, సంచీ బోర్లించి, ప్రతి ముక్కా గాలి తగిలేట్టు తీగ మీద ఆరేసి మరీ పడుకోవాలి. హీటరు మీద పెట్టకూడదు. గ్లోవుల తోలు అట్టకడుతుంది, స్కేట్స్ జిగురు సడలుతుంది. ప్యాడ్లను నెలకొకసారి చన్నీళ్ళలో మెల్లగా ఉతకవచ్చు. స్కేట్స్ లేసులు పూర్తిగా వదులు చేసి, లోపలి అట్ట పైకి తీయాలి. బ్లేడు పొడిగుడ్డతో తుడిచి గుడ్డ తొడుగు వేయాలి. ప్లాస్టిక్ తొడుగు నడవడానికే; అది వేసి దాస్తే లోపల నీరు నిలిచి మరునాటికి తుప్పు మరకలు తేలతాయి.

లడక్‌లో సంగతి వేరు. అక్కడ ఈ ఆట మొదలైన రోజుల్లో సైనికుల పాత బూట్ల అడుగున ఇనప బ్లేడులు బిగించుకుని గడ్డకట్టిన చెరువుల మీద ఆడారు. ఒకరు విప్పిన స్కేట్స్ మరొకరు తొడుక్కుని దిగేవారు. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్పులో మన దేశపు ఆడపిల్లల జట్టు కాంస్యం గెలిచింది. ఆ అమ్మాయిల్లో ఎక్కువమంది లడక్ వాళ్ళే.

కాబట్టి వచ్చే శీతాకాలానికి ఎవరైనా ఇటు వస్తున్నట్లయితే, వరస ఇది: కొత్త హెల్మెట్, జాలీ, మెడపట్టీ, లోపలి గార్డు, కాలికి పట్టిన స్కేట్స్, ఓవెన్‌లో అమర్చి, సాన పట్టించి, ప్యాడ్లన్నీ పాతవి, రెండు చుట్ల టేపు, ఒక పొడిగుడ్డ. అప్పటికి డబ్బు మిగిలితే మంచి కర్ర. మిగలకపోతే నా దగ్గర రెండు చెక్క కర్రలున్నాయి, కాస్త పొట్టివి.